రిక్షా యను మాట – అందుండి జారిపోయిన మనుష్యుడు



ఈ పత్రికలో విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, అప్పుల వాయిదాలను గూర్చియు వ్రాయుట వాడుక. ఈ మాసము ఒక మాటను గూర్చి వ్రాయుచున్నాను. మాటకును సేద్యమునకును సంబంధమేమని మీరడుగవచ్చును. విత్తనమువలెనే మాటయు ఒక నేలలో బుట్టి, వేరొక నేలకు బోయి, అచ్చటి నీటికిని గాలికిని తగినట్లు మారును. మిరప మన దేశమున బుట్టిన పైరు కాదు. వేరుసెనగయు కాదు. రెండును సముద్రముల కావలనున్న అమెరికా ఖండమునుండి వచ్చినవే. అయినను నేడు చిత్తూరు సీమ రైతుతో వేరుసెనగ పరాయి పంట యన్నచో నవ్వును. రిక్షా యను మాటయు నట్టిదే. తిరుపతి స్టేషనులో రైలు దిగిన యాత్రికుడు మొదలు సంతకు కూరగాయలు తెచ్చు రైతు వరకు ఆ మాట నెరుగనివారు లేరు. అది జపాను దేశపు మాట యని యెరిగినవారు మాత్రము కొలదిమందియే.

జపాను మాటలు మన నోట మరికొన్నియు గలవు. 2004వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన సముద్రము పొంగి మన కోస్తా పల్లెలను ముంచినప్పుడు 'సునామీ' యను మాట ఒక్క దినములో ఊరూర వ్యాపించెను. జపాను భాషలో 'త్సు' అనగా రేవు, 'నామి' అనగా అల. రేవును ముంచు అల యని దాని భావము. సునామీ ఒక ఉపద్రవముతో వచ్చిన మాట. రిక్షా అట్లు గాదు. అది నూరేండ్లకు పైగా ఊరినుండి యూరికి మనుష్యుల కాళ్లపై నడచి వచ్చిన మాట. నడచుచు నడచుచు దారిలో తనలోని ముఖ్యభాగమును జారవిడిచినది. ఆ జారిపోయిన దేదియో తెలిసికొన్నచో, మన సంఘములు చేయవలసిన పని యొకటి కన్నులకు గట్టును.

మాటను విడదీసి చూచినచో

జపానువారు తమ భాషను వ్రాయుటకు పూర్వము చీనా దేశమునుండి తెచ్చుకొన్న గుర్తులను వాడుదురు. మన యక్షరములు ధ్వనిని తెలుపును. ఆ గుర్తులలో నొక్కొక్కటి యొక్కొక్క యర్థమును తెలుపును. రిక్షాకు మూలమైన జపాను మాట 'జిన్‌రికిషా'. ఇందు మూడు గుర్తులున్నవి. 'జిన్' అనగా మనుష్యుడు. 'రికి' అనగా బలము. 'షా' అనగా బండి. మూడును గూర్చినచో 'మనుష్యబలముచే నడచు బండి' యగును. ఎద్దులు లాగునది ఎద్దుబండి, గుఱ్ఱము లాగునది గుఱ్ఱపుబండి యైనట్లే, మనిషి లాగునది మనిషిబండి. పేరు పెట్టినవారు దాచిన దేమియు లేదు. ఎవని బలముచే బండి కదలునో వానిని పేరులో మొట్టమొదట నిలిపిరి.

మనకు నీరు అను తెలుగు మాటయు, జలము అను సంస్కృతపు మాటయు రెండును గలవు గదా. జపానువారికి నిట్లే చీనా వైపునుండి వచ్చిన పలుకొకటియు, తమ సొంత పలుకొకటియు నుండును. వ్రాయు గుర్తు మాత్రము ఒక్కటే. 'జిన్' అని పలుకు గుర్తునే వేరొక చోట 'హితో' అని పలుకుదురు. 'రికి' యనునదే వారి సొంత మాటలో 'చికారా'. 'షా' యనునది 'కురుమా'. పూర్వము టోక్యో పట్టణములో జిన్‌రికిషా యని పూర్తిగా పలుకక 'కురుమా' యనియే పిలుచుటయు నుండెను. నేడు జపానులో కురుమా యన్నచో మోటారుకారు. బండి మారినను పేరు నిలిచినది.

రైతులు వినదగిన సంగతి యింకొకటి గలదు. 'బలము' అను గుర్తు తొలుత నాగలి యాకారమును జూచి గీసినదని పలువురు పండితుల యభిప్రాయము. చేయి కండను జూచి గీసినదని కొందరందురు. 'పొలము' అను గుర్తు, చతురముగా గట్లు వేసి నడుమ అడ్డముగను నిలువుగను రెండు గట్లు వేసిన నాలుగు మడుల వలె నుండును. ఈ పొలపు గుర్తు క్రింద బలపు గుర్తు నుంచినచో 'పురుషుడు' అను మాట యగును. పొలములో బలము చూపువాడు పురుషుడని యా వ్రాతను మనము చదువుకొనవచ్చును. బండి గుర్తు, పైనుండి చూచినప్పుడు ఇరుసును, దాని కిరువైపుల చక్రములును గనబడు రీతిగా గీసినది. కనుక జిన్‌రికిషా యను మాటలో మనిషియు, నాగలియు, బండియు మూడును గలవని మనము చెప్పుకొన్నను తప్పు లేదు. ఈ మూడును లేని రైతు కుటుంబ మేది?

డోలీనుండి చక్రమునకు

ఈ బండి పుట్టుటకు ముందు జపానులో గొప్పవారును, రోగులును, ముసలివారును 'కాగో' యను డోలీలో ప్రయాణము చేసెడివారు. ఒక పొడవాటి కఱ్ఱ క్రింద బుట్టవంటి ఆసనము వ్రేలాడదీసి, ముందొకడును వెనుకొకడును భుజములపై మోసెడివారు. ఇది మన సీమవారికి క్రొత్త సంగతి గాదు. తిరుమల కొండకు మోటారు దారి 1944లో ఏర్పడినది. అంతకు ముందు మూడున్నర వేల మెట్లెక్కలేని వృద్ధులను, రోగులను అలిపిరినుండి డోలీలలో బోయీలు మోసికొని పోయెడివారు. క్రింద తిరుపతిలో జట్కాబండి, కొండమీదికి డోలీ – ఇదియే నాటి ప్రయాణము. డోలీ మోసిన భుజమునకు కాయ కాయును. ఆ కాయ చూచియే బోయీ యని గుర్తించెడివారు.

జపానులో 1868లో పాత ప్రభుత్వము పడిపోయి, ఎదో యను పట్టణము టోక్యో యని పేరు మార్చుకొని రాజధాని యయ్యెను. విదేశీయుల గుఱ్ఱపుబండ్లు వీధులలో దిరుగసాగినవి. వానిని జూచి ఇజుమి యోసుకే యనువాడును, ఆతని మిత్రులు సుజుకి తొకుజిరో, తకయామా కోసుకే యనువారును గుఱ్ఱమునకు బదులు మనిషి లాగదగిన చిన్న బండిని తయారుచేసి, 1870లో టోక్యో ప్రభుత్వమువారివద్ద అనుమతి పొందిరి. జోనాథన్ గోబుల్ అను అమెరికా మిషనరీ జబ్బుతో నున్న తన భార్యకొరకు ఇట్టి బండిని కల్పించెనని చెప్పువారును గలరు. మొదట కల్పించిన దెవరైనను, వ్యాపింపజేసినది టోక్యో వీధులే. కొలది యేండ్లలోనే వేలకొలది బండ్లు బయలుదేరి కాగోలను వెనుకకు నెట్టినవి.

కారణము మనము సులభముగా గ్రహింపగలము. డోలీ బరువంతయు భుజముపై నుండును. చక్రము బరువును భుజముపైనుండి ఇరుసుపైకి దించినది. ఇద్దరు మోయుదానిని ఒక్కడు లాగగలిగెను, అదియు మునుపటికంటె వేగముగా. నెత్తిపై ఎరువు తట్ట మోసిన వానికి ఎరువును బండిలో వేసి తోలుట ఎంత సుఖమో వేరుగా చెప్పనక్కరలేదు. కావున రిక్షాను తొలినాటినుండియు క్రూరమైన వస్తువని నిందించుట న్యాయము గాదు. మోయువానికి అది మొదట కొంత ఊరటయే. చిక్కు బండిలో లేదు. బండి ఎవరిది యను ప్రశ్నలో నున్నది. ఆ సంగతికి ముందు మాట చేసిన దేశాటనము చూతము.

మాట దేశములు తిరుగుట

1874 ప్రాంతమున రిక్షా చీనా దేశపు షాంఘాయి రేవును జేరెను. 1880లో సింగపూరునకు బోయెను. అదే కాలమున మన దేశములో ఇంగ్లీషు దొరలు వేసవి గడపు సిమ్లా కొండకు వచ్చెను. 1890లలో దక్షిణాఫ్రికాలోని డర్బను పట్టణములో చెరకు తోటల యజమాని మార్షల్ క్యాంబెల్ దీనిని ప్రవేశపెట్టగా, అచ్చట జూలూ జాతివారు లాగసాగిరి. ఆ నేటాలు చెరకు తోటలకు 1860 మొదలుకొని కూలి ఒప్పందముపై ఓడలెక్కిన మనవారిలో ఉత్తరార్కాటు జిల్లావారును పెక్కుమంది గలరు. చిత్తూరు ప్రాంతము 1911లో ప్రత్యేక జిల్లా యగువరకు ఆ యుత్తరార్కాటులోనిదే. కలకత్తాలో చీనావారు మొదట సరుకులకొరకు రిక్షాలు వాడి, 1914లో మనుష్యులను ఎక్కించుకొనుటకు అనుమతి కోరిరి.

పోయిన ప్రతి చోటను పేరు మారెను. పెకింగు ప్రజలు దానిని 'విదేశపు బండి' యను నర్థము వచ్చు మాటతో పిలిచిరి. సింగపూరులోని హొక్కియెన్ చీనావారు 'లాంగ్‌ఛియా' యనిరి, అనగా మనిషిబండి. మలయా భాషలోని 'లాంచా' దానినుండి వచ్చినదే. బర్మావారి మాటయు దీనిని పోలినదే. ఈ పేర్లలో బలము పోయినను మనిషి నిలిచెను.

ఇంగ్లీషువారు వేరొక విధముగా జేసిరి. 'జిన్‌రికిషా' వారి నాలుకకు పొడవయ్యెను. పొడవైనదానిని కత్తిరించునప్పుడు తోకను గోయుట కలదు, తలను గోయుట కలదు. వారు తలను గోసిరి. 'జిన్' పోయి 'రిక్షా' మిగిలెను. జిన్ అనగా మనుష్యుడని ముందే చెప్పితిని. అనగా మనుష్యుడు రాలిపోయి 'బలముబండి' మాత్రము మిగిలినది. ఎవని బలమో చెప్పని మాట యది. కావలెనని చేసిన పని గాదు. మాటలు నోటిలో అరుగుట లోకసహజము. అయినను బండిలో కూర్చుండి పోవువారి నోట అరిగిన మాటలో, బండి లాగువాడే మొదట అరిగిపోవుట గమనింపదగినది.

తెలుగులోనికి వచ్చునప్పటికి దానికి ఇంకొక వేషము గలిగెను. 'రిక్'లోని కకారమును 'షా'లోని షకారమును గలిసి 'క్ష' యయ్యెను. క్ష యను నక్షరము సంస్కృతపు మాటలలో తరుచు గనబడునది గావున, రిక్షా యనగానే రక్ష, దీక్ష, భిక్ష యను మాటల బంధువువలె దోచును. రక్ష యను మాటయే రిక్షా యయ్యెనని యెవరైన ననుకొన్నను ఆశ్చర్యము లేదు. బంధుత్వ మేమియు లేదు. అది జపాను బలమును, జపాను బండియు మాత్రమే.

రంగూనులో మనవారు

తెలుగువారికిని రిక్షాకును గల సంబంధము కేవలము ఎక్కి దిగుటతో ముగియలేదు. నాడు బర్మా రాజధానిగా నుండిన రంగూనులో రిక్షా లాగిన కూలీలలో తెలుగువారు పెక్కుమంది. విశాఖపట్టణము, గంజాము, గోదావరి తీరములనుండి ఓడలెక్కిన వీరిని అచ్చట 'కోరంగీలు' అని పిలిచెడివారు. గోదావరి ముఖద్వారమునొద్దనున్న కోరంగి రేవు పేరే వారికి జాతి పేరయ్యెను. ఓడరేవులో మూటలు మోయుట, వీధిలో రిక్షా లాగుట, మిల్లులలో కూలి చేయుట వారి పనులు. మేస్త్రీ ముందుగా బయానా యిచ్చి తీసికొనిపోవును. ఆ యప్పు కూలినుండి తీరవలెను. అప్పు తీరినగాని మనిషి తన కాళ్లకు తానే యజమాని గాడు.

1930 మే మాసములో రంగూను రేవులో తెలుగు కూలీలు సమ్మె చేయగా, ఓడల యజమానులు వారికి బదులు బర్మావారిని పనిలో బెట్టుకొనిరి. సమ్మె ముగియగానే వారిని తొలగించిరి. అందుపై రేగిన కలహము పట్టణమంతయు వ్యాపించి, ఎందరో మనవారు ప్రాణములు గోల్పోయిరి. పేదవాని కూటికి పేదవాడే పోటీగా నిలువబెట్టబడెను. 1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసెను. లక్షలకొలది భారతీయులు పట్టణమును విడిచి, అడవులగుండను కొండలగుండను కాలినడకను స్వదేశమునకు బయలుదేరిరి. దారిలో ఆకలిచేతను కలరాచేతను మడిసినవారు వేలకొలది. జపాను పేరుగల బండిని లాగి బ్రదికినవారు జపాను బాంబుల భయముచే ఆ బండిని వీధిలో వదలి వచ్చిరి. వదలుటకు వారికి దుఃఖమేల? బండి వారిది గాదు గదా.

బండి యెవరిది?

ఇచ్చటనే అసలు సంగతి యున్నది. రిక్షా చరిత్రలో ఏ పట్టణమును జూచినను ఒక్కటే ఏర్పాటు. బండ్లు కొన్నవాడొకడు, లాగువాడు వేరొకడు. లాగువాడు ప్రతి దినము బాడుగ చెల్లించి బండి తీసికొనిపోవలెను. బేరము దొరికినను దొరకకున్నను బాడుగ తప్పదు. మన కౌలురైతునకు ఇది బాగుగా తెలిసిన సంగతి. వాన కురిసినను కురియకున్నను గుత్త తప్పదు గదా.

రైతునకును రిక్షాకును గల సంబంధమును 1953లో బిమల్ రాయ్ తీసిన 'దో బీఘా జమీన్' అను హిందీ చలనచిత్రము చక్కగా చూపినది. రెండు బిగాల భూమిని అప్పునుండి విడిపించుకొనుటకు ఒక రైతు కలకత్తాకు బోయి రిక్షా లాగును. ఎంత లాగినను భూమి దక్కదు. ఇది బంగాళమునకు మాత్రమే చెల్లిన కథ గాదు. మన రాయలసీమలో వరుసగా రెండేండ్లు వేరుసెనగ ఎండినచో పల్లెలనుండి మద్రాసునకును బెంగుళూరునకును బోవు బస్సులు నిండును. చంద్రగిరి ప్రాంతమున బిందుసేద్యపు గొట్టములు వేయించునప్పుడు, యౌవనమున మద్రాసులో రిక్షా త్రొక్కిన వృద్ధ రైతొకడు నాతో మాటలాడెను.

"బండి ఎవురిది తాతా?" అని యడిగితిని.

"బండి సేటుది సామీ. కాళ్లు మాత్రం నావి," అనెను.

ఎన్నేండ్లు త్రొక్కితివని యడిగితిని. పదునొకండేండ్లనెను. "ఆ బాడుగ డబ్బుతో ఎన్ని రిక్షాలు వచ్చుండునో నేను లెక్క పెట్టలా సామీ. పెడితే నిద్ర పట్టదు," అని నవ్వెను.

ఆతడు పెట్టని లెక్కను మనము పెట్టి చూతము. నేటి యాటో నొకదానిని దినమునకు 300 రూపాయల బాడుగకు తీసికొన్నట్లు మాటవరుసకు అనుకొందము. ఏడాదిలో 300 దినములు నడిపినచో బాడుగ 90,000 రూపాయలు. నాలుగేండ్లకు 3,60,000 రూపాయలు. నాలుగేండ్లు గడచిన పిమ్మట వాని చేత మిగిలినది బాడుగ చీటీలు. బండి యజమానునికి మిగిలినది బండియు, బాడుగయు. ఇంత సొమ్ము వాయిదాలుగా గట్టగలవానిని అప్పునకు తగనివాడని యెట్లందుము? కట్టుచునే యున్నాడు. కట్టినది వాని పేర జమ కాకుండుటయే లోపము.

చట్టము చెప్పినది

ఈ లోపమును ప్రభుత్వములును న్యాయస్థానములును గుర్తింపకపోలేదు. మనుష్యుడు కాలితో పరుగిడి లాగు రిక్షాలను తమిళనాడు ప్రభుత్వము 1973లో రద్దుచేసి, లాగువారికి సైకిలురిక్షాల నిచ్చెను. పంజాబు రాష్ట్రమువారు 1975లో ఒక చట్టము చేసి, సైకిలురిక్షాను త్రొక్కువాడే దాని సొంతదారు గావలెను, అట్టివానికే లైసెన్సు ఇత్తుము అనిరి. ఉద్దేశము మంచిదే. కాని కొనుటకు డబ్బు లేని పేదవాడేమి చేయవలెను? అమృతసరములోని రిక్షా కార్మికులే సుప్రీంకోర్టునకు బోయిరి. 1980లో న్యాయమూర్తి వి. ఆర్. కృష్ణయ్యరుగారు చట్టమును కొట్టివేయకయు, కార్మికుని వీధిపాలు చేయకయు మూడవ మార్గమును జూపిరి. బ్యాంకు అప్పిచ్చి ప్రతి కార్మికుడును తన రిక్షాను తాను కొనుక్కొను ఏర్పాటును తీర్పులోనే చేర్చిరి. హక్కు ఇచ్చుట చాలదు, హక్కును అనుభవించుటకు పెట్టుబడి గూడ గావలెనని యా తీర్పు సారము.

నలువదియైదేండ్ల తరువాత అదే కోర్టు ఆ తీర్పును మరల దలచుకొన్నది. మహారాష్ట్రములోని మాథేరాను కొండపై మోటారు బండ్లు నిషిద్ధములు. అందుచే అచ్చట మనుష్యులు చేతితో రిక్షాలు లాగుచుండిరి. ఇట్టి పని మనుష్యగౌరవమునకు విరుద్ధమనియు, ఆరు మాసములలో మాన్పించి, లాగువారికి విద్యుత్తురిక్షాలు సమకూర్చవలెననియు 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను.

మన రాష్ట్రమున 2019లో ప్రభుత్వము ఆటో, టాక్సీ నడుపువారికి ఏటికి 10,000 రూపాయల సహాయమును ప్రారంభించెను. 2025లో వేరొక ప్రభుత్వము 15,000 రూపాయల సహాయమును మొదలిడెను. ఈ రెండింటిలోను ఒక నియమము సమానము. సొంత బండిని తానే నడుపుకొనువానికే యీ సొమ్ము. బాడుగబండి నడుపువానికి లేదు. ఎవనికి లేదో వానికే యెక్కువ యవసరమని వేరుగా చెప్పవలెనా?

మిగిలిన మాటయు పోయినది

ఇప్పుడు మరల మాటవద్దకు వత్తము. ఇటలీ దేశములో 1947లో రూపొందించిన మూడు చక్రముల మోటారుబండి మన దేశమునకు వచ్చి 'ఆటోరిక్షా' యయ్యెను. ఆటో యనునది గ్రీకు భాషనుండి వచ్చినది. దానికి 'స్వయముగా', 'తనంతట తాను' అని యర్థము. మనవారు ఆటోరిక్షాను గూడ పొడవనుకొని 'ఆటో' యని కత్తిరించిరి. ఈ మారు రిక్షాయు పోయెను.

వరుస చూడుడు. మొదట జిన్‌రికిషా – మనిషి, బలము, బండి. తరువాత రిక్షా – మనిషి పోయి బలమును బండియు మిగిలెను. ఆపైన ఆటో – బలమును బండియు గూడ పోయి, 'తనంతట తాను' అనునది మాత్రము మిగిలినది. ఏ బండియు తనంతట తాను నడువదు. తెల్లవారుజామున నాలుగు గంటలకు తిరుపతి బస్టాండునొద్ద యాత్రికులకొరకు కాచుకొనియున్నవాడు నడుపవలెను. రైతు టమాటా బుట్టలను వేలంపాట వేళకు మదనపల్లె మార్కెట్టుకు చేర్చువాడు నడుపవలెను. ఆతడెవరు? మీ తమ్ముని కొడుకో, మేనల్లుడో, బోరు ఎండినందున పొలము బీడు పెట్టి తాళము చెవి చేతబట్టిన మీ పెద్దకొడుకో. మాటలోనుండి పోయినవాడు మన యింటిలోనివాడే.

సంఘము చేయదగిన పని

మన సంఘములు అప్పు ఇచ్చునప్పుడు పట్టాపుస్తకము చూచుట యలవాటు. భూమి గలవాడు రైతు, రైతునకు అప్పు. భూమి చాలక ఆటో త్రొక్కు రైతుబిడ్డ మన లెక్కపుస్తకములో ఏ గడిలోను పడడు. వానికి అప్పిచ్చు వడ్డీ వ్యాపారి మాత్రము వానిని బాగుగా నెరుగును. ఈ విషయములో మూడు సూచనలు మీ సర్వసభ్య సమావేశముల యాలోచనకు సమర్పించుచున్నాను.

మొదటిది. ప్రతి గ్రామములో బాడుగబండి నడుపు సభ్యులను, సభ్యుల బిడ్డలను ఒక పట్టీగా వ్రాయుడు. దినబాడుగ ఎంతయో దాని ప్రక్కన వ్రాయుడు. ఏడాది మొత్తమును కూడి చదివి వినిపింపుడు. ఊరినుండి ఏటేట పోవు బాడుగ ఎంతయో తెలియక మనము మేలుకొనము.

రెండవది. అట్టివారు పదిమంది చేరినచో 1995వ సంవత్సరపు పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము క్రింద తమకు తామే సంఘముగా నేర్పడవచ్చును. దినబాడుగగా కట్టు సొమ్మును వాయిదాగా కట్టుచు, వంతుల చొప్పున ఒక్కొక్కరు బండి సొంతము చేసికొనవచ్చును. ఒకని వాయిదా తప్పినచో తక్కిన తొమ్మండుగురు అడుగుదురు. వడ్డీ వ్యాపారి అడుగుటకును, తోటివాడు అడుగుటకును గల భేదమే సహకారము.

మూడవది. రైతుల సరుకు మార్కెట్టునకు చేర్చు బాడుగను రైతుసంఘమే యీ బండ్ల సంఘముతో ఒప్పందము చేసికొన్నచో, రైతునకు బాడుగ నిలకడగా నుండును, బండివానికి బేరము నిలకడగా నుండును. పొలమును బండియు ఒకదానినొకటి ఆదుకొనును.

లాగుట నీచమైన పని యని యెవరును తలంపకుందురుగాక. తిరుమల బ్రహ్మోత్సవములలో ఎనిమిదవనాడు రథోత్సవము జరుగును. అప్పుడు రథపు పగ్గము నంటుటకు వేలాది చేతులు పోటీపడును. లాగుటలో అవమానము లేదు. ఆ పగ్గము పట్టిన ప్రతివాడును రథము తనదనుకొని లాగును. తనది గాని బండిని జీవితమంతయు లాగుటలోనే బాధ గలదు.

జపానువారు ఆ మాటను కట్టినప్పుడు మనిషిని ముందుంచి, బలమును నడుమ నుంచి, బండిని కడపట నుంచిరి. వ్రాతలో ఆ వరుస నేటికిని చెక్కుచెదరలేదు. నోటిమాటలో దానిని మరల తెచ్చుట మన పని గాదు. ఆటోను ఆటో యనియే పిలుతము. మన సంఘపు లెక్కపుస్తకములో మాత్రము ఆ వరుసను మరల తేగలము. బండి నంబరుకంటె ముందు, అప్పు మొత్తముకంటె ముందు, దానిని నడుపువాని పేరును సొంతదారుని గడిలో వ్రాయుదము.